నడినెత్తిన తైలం

జ్ఞానస్నానానికి వచ్చిన చుట్టాలందరి కళ్లూ నీళ్లమీదే ఉంటాయి. ఫాదర్‌గారు బిడ్డ తలమీద మూడుసార్లు నీళ్లు పోయడం, బిడ్డ ఏడుపందుకోవడం, ఫొటోలు తీయడం అన్నీ ఒక్కసారే అయిపోతాయి. ఆ వెంటనే జరిగే తైలాభిషేకం ఎవరికీ పెద్దగా పట్టదు. నా చూపు మాత్రం అక్కడే నిలుస్తుంది.

ఫాదర్‌గారి చేతిలో చిన్న లోహపు డబ్బీ. తైలం ఒలక్కుండా లోపల దూది. అందులో బొటనవేలు అద్ది బిడ్డ నడినెత్తిన, మన అమ్మమ్మలు మాడుకు నూనె పెట్టే చోటే, రాస్తారు. యాజకుడు, ప్రవక్త, రాజు అయిన క్రీస్తులో ఈ బిడ్డకూ పాలుందని ప్రార్థన. ఆపైన తెల్లబట్ట, వెలిగించిన కొవ్వొత్తి.

ఈ తైలం ఏ ఊరి గుడిలోనూ తయారుకాదు. పవిత్ర వారంలోనో అంతకు కాస్త ముందో పీఠాధిపతి, అంటే బిషప్, ఆలివ్ నూనెలో బాల్సమ్ పరిమళం కలిపి, పాత్ర మూతిపై ఊపిరి ఊది, గురువులంతా (ఫాదర్లంతా) చేతులు చాచి ఉండగా పవిత్రపరుస్తారు. ఆలివ్ దొరకని చోట వేరే మొక్కల నూనె వాడుకోవచ్చని 1970లో రోము అనుమతించింది. పూజయ్యాక ఎవరి సీసా వాళ్లు పట్టుకుని గురువులు తమ విచారణలకు (పారిష్‌లకు) బయల్దేరతారు.

స్నానం తర్వాత అభిషేకం గురించి సుమారు 200లోనే ఆదిసంఘ రచయిత టెర్తుల్లియన్ రాశాడు. సంఘం పల్లెలకు పాకేసరికి అన్నిచోట్లకూ బిషప్ వెళ్లడం కుదరలేదు. 416లో పోపు మొదటి ఇన్నోసెంట్ ఒక లేఖలో తేల్చాడు: బిషప్ పవిత్రపరచిన తైలంతో గురువు అభిషేకించవచ్చు, నుదుటిమీద మాత్రం బిషప్పే రాయాలి. అందుకే మన కతోలికులకు ఇప్పుడు నడినెత్తిన, పెద్దయ్యాక భద్రమైన అభ్యంగనంలో నుదుటిన. ఆర్థడాక్స్ గురువులైతే నుదురు, కళ్లు, చెవులు, రొమ్ము, చేతులు, పాదాలు అన్నీ అప్పుడే ముద్రిస్తారు. తైలం మాత్రం వారికీ పైవారి దగ్గర్నుంచే రావాలి.

బాప్టిస్టు మిత్రులు ఇదంతా ఎందుకంటారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మానికి మునిగి లేచారు, నూనె ఊసే లేదు. ఆత్మ అభిషేకానికి నూనెతో పనేమిటన్న వారి వాదన తీసిపారేసేది కాదు. అయినా మారుమూల గుడిలో జరిగే జ్ఞానస్నానం ఒక ఇంటి వేడుకగా మిగిలిపోకుండా కాసేది ఈ తైలమేనని నా నమ్మకం. పీఠాధిపతి మొహమైనా ఎరగని పల్లె బిడ్డకు కూడా ఆయన చేయి తగిలినట్టే.