వన్‌టైమ్: ఒక విశేషణము, దాని తెలుగులు

ఆంగ్లమునందలి ‘వన్‌టైమ్’ అను విశేషణము ఇటీవల తెలుగునాట మిక్కిలి వ్యాప్తిలోనికి వచ్చినది. బ్యాంకుల నోటీసులందును, ప్రభుత్వ ప్రకటనలందును, చేతిఫోనులకు వచ్చు సందేశములందును దానిని చూడనివారు లేరు. దానికి తెలుగున నే మాట చెప్పవలెననునది చిన్న ప్రశ్నగా కనబడును. కాని గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తియు మిరపయు పండించు రైతునకు ఇది కేవలము శబ్దచర్చ కాదు. అప్పు తీరుటయు తీరకుండుటయు ఆ మాట యెట్లు బోధపడినదను దానిపై ఆధారపడు సందర్భములు కలవు.

వాడుకలో నీ విశేషణమునకు ముఖ్యముగా మూడర్థములు కనబడుచున్నవి. మరల జరుగక ఒక్క పర్యాయముతో ముగియునది మొదటిది. విడతలు లేక ఒక్క మొత్తముగా జరుగునది రెండవది. పూర్వముండి నేడు లేనిది మూడవది. మూడవదానితో మనకు చిక్కు లేదు. ‘ఒకప్పటి’ అను మాట దానికి చక్కగా సరిపోవును. ఒంగోలు ఒకప్పటి గుంటూరు జిల్లాలోని పట్టణమన్నచో, 1970లో క్రొత్త జిల్లా యేర్పడి 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినదని యెరిగినవారెవ్వరును తడబడరు. చిక్కంతయు మొదటి రెండర్థముల నడుమ నున్నది.

‘వన్‌టైమ్ సెటిల్‌మెంటు’నకు ‘ఏకకాల పరిష్కారము’ అను అనువాదము అక్కడక్కడ కానవచ్చుచున్నది. ఇది నాకు సమ్మతము కాదు. ఏకకాలమనగా రెండు గాని అంతకెక్కువ గాని పనులు ఒక్క సమయమున జరుగుట. పని యొక్కటియే యైనచోట ఏకకాలత్వమునకు తావెక్కడిది? శాసనసభకును లోకసభకును కలిపి జరుపదలచిన యెన్నికలకు ఈ మాట సరిగా అమరియుండెడిది. చిత్రమేమనగా, అక్కడ మన పత్రికలవారు ‘జమిలి’ అను అచ్చతెలుగు మాటను చేపట్టి, ‘ఏకకాల’మును అప్పుల ఖాతాకు వదలిరి.

దీనివలన కలుగు చిక్కునకు 2008 నాటి కేంద్రప్రభుత్వ వ్యవసాయ ఋణమాఫీ పథకము మంచి ఉదాహరణము. రెండు హెక్టారుల లోపు భూమి గల రైతులకు అర్హమైన బాకీ పూర్తిగా రద్దయినది. అంతకు మించి భూమి గలవారికి వన్‌టైమ్ సెటిల్‌మెంటు: నూటికి 75 వంతులు రైతు చెల్లించినచో మిగిలిన 25 వంతులు ప్రభుత్వము భరించును. ఆ 75 వంతులను మూడు వాయిదాలలో చెల్లింపవచ్చునని పథకమే చెప్పినది! అనగా ఇక్కడ ‘వన్‌టైమ్’ అనునది డబ్బు కట్టు విధమును తెలుపుట లేదు. ఈ సడలింపు ఒక్కసారికే యనియు, దానితో ఆ బాకీ తెగిపోవుననియు తెలుపుచున్నది. ‘ఏకకాల పరిష్కారము’ అని చదివి, పైకమంతయు ఒక్కరోజున తేవలెనని తలచి, చేత లేక వెనుదిరిగిన రైతు ఎవ్వడైన నుండినచో తప్పు అతనిది కాదు. మన పల్లెలలో ప్రామిసరీ నోటు వెనుక ‘చెల్లు వేయుట’ యను వ్యవహారము చిరకాలముగా నున్నది. ఆ మాటను తీసికొని ‘తుదిచెల్లు’ అన్నచో వాయిదా లెన్నియైనను అర్థము చెడదు.

ఈ సందిగ్ధత ఆంగ్లముతోనే వచ్చినది కాదు. పాణిని ఏకశబ్దమునుండి ‘సకృత్’ అను రూపమును సాధించి ‘ఒక మారు’ అను అర్థమును చెప్పెను. అమరసింహుడు అదే సకృచ్ఛబ్దమునకు ఏకవారార్థమును సహార్థమును రెంటిని చూపెను. ‘యుగపత్’, ‘ఏకదా’ అను వానిని ఒక్కచోట చేర్చెను. కావున సంస్కృతమునుండి మాట తెచ్చుకొన్నంత మాత్రమున స్పష్టత రాదు.

తెలుగున ఈ భేదము అవధారణార్థకమైన ఏకారము నిలుచు చోటునుబట్టి తెలియును. ‘ఒక’ మీద నిలిచినచో ‘ఒకేసారి’, ‘సారి’ మీద నిలిచినచో ‘ఒక్కసారే’. ‘చేనంతయు ఒకేసారి తీసిరి’ అన్నచో పత్తి నంతను ఒక్క తీతలో ముగించిరని అర్థము. కాయలన్నియు కలిసి పగులవు గనుక అట్లు జరుగుట అరుదు. ‘ఆ చేను ఒక్కసారే తీసిరి’ అన్నచో రెండవ తీతకు పత్తి లేకపోయెనని. 2021-22 పంటకాలమున నల్లతామర పురుగు మిరపపై పడినప్పుడు తోటలను పీకివేసిన రైతులు పెక్కురు. అట్టివాడు ‘ఒక్కసారే కోసితిమి’ అన్నచో ఆ యేకారమున నున్నది నష్టము. అతని నోట ‘ఒకేసారి కోసితిమి’ అని వ్రాయు విలేఖరి వార్తనే మార్చినవాడగును. వాడుకలో ‘ఒకేసారి చూచితిని’ అని ‘ఒక్కమారు మాత్రమే’ యను అర్థమునను అందురు, నేను కాదనను. అది ముఖాముఖిని స్వరముచేత తెలియును. కాగితముపై స్వరము లేదు గనుక ప్రకటనలలో ‘ఒక్కసారికి మాత్రమే’ అని విప్పి వ్రాయుటయే మేలు.

ఇక ‘ఒక్కసారి’ యను రూపమునకు సంఖ్యతో పనిలేని మరియొక వినియోగము కలదు. ‘ఒక్కసారి ఇటు రండి’, ‘ఒక్కసారి ఆ చీటీ చూపండి’ అనుచో అది లెక్క కాదు, మర్యాద. బ్రతిమాలుటలోని మెత్తదనము ఆ మాటలో నున్నది. దీనిని బాగుగా ఎరిగినవారు ఫోనులో మోసము చేయువారు. బ్యాంకు పంపిన ‘వన్‌టైమ్ పాస్‌వర్డు’ను అడుగునప్పుడు వారు ‘ఓటీపీ ఒక్కసారి చెప్పండి’ అందురు. ఆంగ్లమున కట్టుబాటైన మాట తెలుగున వినయమై వినబడును. 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గృహనిర్మాణ ఋణములకు సంపూర్ణ గృహహక్కు పథకమును ప్రారంభించినప్పుడు దానికి జనము నోట నిలిచిన పేరు ‘ఓటీఎస్’. ఓటీఎస్, ఓటీపీ: తుది యక్షరమొక్కటే భేదము. మొదటిది పోయి కట్టవలసినది, రెండవది ఎవ్వరికిని చెప్పరానిది. పొట్టియక్షరముల వెనుకనున్న మాట తెలియనివానికి రెండును బ్యాంకు సంగతులే. ఓటీపీకి ‘ఒకసారికే చెల్లు అంకె’ యనవచ్చును. చెల్లుట యనగా బాకీ తీరుటయే కాదు, నాణెమువలె మారుటయు గదా.