ఖాసా సుబ్బారావు: స్వతంత్రశబ్దవిచారము

వ్యాకరణమున స్వతంత్రశబ్దమునకు మిక్కిలి గౌరవము గలదు. క్రియాసిద్ధియందు స్వతంత్రుడుగా వివక్షింపబడినవానికే పాణిని కర్తృసంజ్ఞ నొసగెను. ఆ కర్తను ప్రేరేపించువానికి హేతుసంజ్ఞను గూడ విధించెను. ఈ శబ్దమునే తన పత్రికకు నామముగా గ్రహించిన ఖాసా సుబ్బారావు కృషిని ఈ సంజ్ఞల వెలుగున పరిశీలించుట యుక్తము.

సుబ్బారావు 1896లో జన్మించిన నెల్లూరుసీమవాడు. టంగుటూరి ప్రకాశము నడపిన స్వరాజ్య దినపత్రికలో పనిచేసి, ఇంగ్లీషు పత్రికారచనలో ప్రసిద్ధి గాంచెను. 1941లో ప్రకటితమైన ‘మెన్ ఇన్ ది లైమ్‌లైట్’ అను గ్రంథమున నాటి ప్రముఖుల రూపచిత్రణములు గలవు. 1946లో చెన్నపురియందు ‘స్వతంత్ర’ అను ఇంగ్లీషు వారపత్రికను స్థాపించెను. దాని తోబుట్టువైన ‘తెలుగు స్వతంత్ర’ గోరాశాస్త్రి సంపాదకత్వమున తెలుగు కథకు మంచి నెలవయ్యెను. 1956లో సుబ్బారావు ‘స్వరాజ్య’ వారపత్రికను ప్రారంభించెను. రాజగోపాలాచారి దానికి పెద్దదిక్కు. 1959లో, కాంగ్రెసువారి నాగపురతీర్మానమందలి సహకారసేద్యమును నిరసించుచు, ఆచార్య రంగా అధ్యక్షుడుగా స్వతంత్రపక్షము వెలసినప్పుడు, ఆ పత్రిక తద్భావములకు వాహిక యయ్యెను. 1961లో సుబ్బారావు మరణించెను.

ఇచట నొక యాక్షేపము కలుగును: రాజగోపాలాచారి హేతువు, సుబ్బారావు ప్రయోజ్యుడు, అట్టివాడు స్వతంత్రు డెట్లగునని. ఇది నిలువదు. దేవదత్తుడు యజ్ఞదత్తునిచే వండించుచున్నాడన్నను వండువాడు యజ్ఞదత్తుడే. అతడు తానై పూనుకొననిచో ప్రేరణ వ్యర్థము. ప్రయోజ్యునికిని కర్తృత్వము గలదు.

విమర్శింపదగినది వేఱొకటి. 1946లో స్వాతంత్ర్యమునకు ప్రతియోగి పరప్రభుత్వము, 1959లో స్వప్రభుత్వము. శబ్దము మాఱలేదు, ప్రతియోగి మాఱినది. స్వతంత్రపక్షము రాజ్యమును ప్రజలను త్రిప్పు ప్రయోజకముగా చూచెనే కాని, ప్రజలకు ప్రయోజ్యము గాగలదని తగినంత తలపలేదు.

విశాఖపట్టణ మిందుకు నిదర్శనము. ఇచ్చటి నౌకానిర్మాణశాలకు 1941లో పునాది వేయించినది సింధియా సంస్థ. 1948లో ‘జల ఉష’ జలప్రవేశము చేసెను. 1952లో ప్రభుత్వము ప్రధానభాగస్వామి యయ్యెను. ఉక్కుకర్మాగారముకథ దీనికి విపరీతము. 1966లో దానిని గోరి ప్రజలు ఉద్యమించిరి. పలువురు ప్రాణములు గోల్పోయిరి. వారిని రాజ్యము కదలింపలేదు. వారే రాజ్యమును కదలించిరి. ఇందు ప్రజలు ప్రయోజకులు, ప్రభుత్వము ప్రయోజ్యము. 2021లో ఆ కర్మాగారమందలి తన భాగమును సంపూర్ణముగా విక్రయింప కేంద్రప్రభుత్వము నిశ్చయించినప్పుడు కార్మికులు ప్రతిఘటించిరి. వారి వాదమునకు మూలము ప్రయోజకుల నడుగక ప్రయోజ్యుడు నిర్ణయించెననుటయే.

కావున సుబ్బారావు పత్రికాకృషియందు గ్రాహ్యాంశము పక్షసిద్ధాంతము గాదు; ప్రతి శాసనమునకును కర్త యెవడు, హేతు వెవడని శోధించు దృష్టి. ఆ దృష్టి రాజ్యముపై ప్రసరించినట్లే ధనికునిపైని, పక్షముపైని సమముగా ప్రసరించినప్పుడే స్వతంత్రశబ్దము సార్థకమగును.