ఈ ఏడు చింత మా వంతు

సంక్రాంతి వెళ్లిన వారానికి అన్నయ్య ఫోన్ చేశాడు. పెదనాన్న పెద్దకొడుకు. ‘ఈ ఏడు చింత నీ వంతురా, గుర్తుందా? దులిపే మనుషుల్ని ఇప్పుడే మాట్లాడుకో’ అన్నాడు. పక్కనున్నవాళ్లు వింటే శాపం పెడుతున్నాడనుకుంటారు. మా ఇంట్లో మాత్రం అది యాభై ఏళ్ల నాటి లెక్క.

మంగళగిరికి పడమరగా, తాడికొండ వైపు నల్లరేగడిలో మాకొక తోపుంది. ఎకరం ఎనభై సెంట్లు. ఏడు చింతలు, పదకొండు వేపలు, నాలుగు కానుగలు, ఎవరూ లెక్కపెట్టని నల్లతుమ్మలు, గట్టు పొడవునా తాళ్లు. ఒక పక్క పత్తి, మూడు పక్కలా మిరప. మబ్బు లేని రోజున తూర్పుగా చూస్తే ఏనుగు పడుకున్నట్టు మంగళగిరి కొండ కనిపిస్తుంది. ‘తోపు’ అంటే ఇప్పటి కుర్రకారుకు మొనగాడని అర్థం. మనకో తోపుందిరా అని మా అబ్బాయితో అంటే, ఎవరు నాన్నా అని అడిగాడు.

తోపు ముత్తాత వేసింది. వేసింది అనడం కూడా మర్యాదకే. ఆయన చేసిందల్లా ఆ చెక్కను దున్నకుండా వదిలేసి, పిట్టలు రాల్చిన గింజ ఎక్కడ మొలిస్తే అక్కడ మేకలు ముట్టకుండా తుమ్మకంప కట్టడం. తాళ్లు మాత్రం టెంకలు పాతి పెంచాడట. దూలానికి పనికొచ్చే చేవ తాటికి రావాలంటే అరవై డెబ్బై ఏళ్లు కావాలి. పాతినవాడి ఇంటికి ఆ దూలం ఎక్కదు. ఫాల్గుణ పౌర్ణమికి మంగళగిరి తిరునాళ్లకు పోయే బండ్లు మా తోపులో ఆగి, ఎడ్లకు నీళ్లు పెట్టుకుని వెళ్లేవని నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు బండ్లు లేవు. మిరప కోతలకు కర్నూలు నుంచి వచ్చే కూలీలు ఆ నీడనే గుడారాలు వేసుకుంటారు.

1972లో తాతయ్య పొలం పంచాడు. భూమికి సీలింగు వస్తోందని ఊళ్లన్నీ కాగితాల మీద పంపకాలు చేసుకుంటున్న రోజులవి. పొలం పంచడానికి గొలుసు, గట్టు ఉంటే చాలు. తోపు దగ్గరికొచ్చేసరికి పీటముడి పడింది. గట్టు వేస్తే నాలుగు చింతలు ఒకరికి, మూడు మరొకరికి. ఒకరి వాటాలో నీడ, ఒకరి వాటాలో ఎండ. అందుకని నేల ఉమ్మడిగా ఉంచి, కాపు మాత్రం ఏడాదికొకరు తినేలా వంతులు పెట్టాడు.

అక్కడా ఒక చిక్కు. చింత ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు వెలితి కాపు. ఇద్దరు కొడుకుల మధ్య వంతులు పెడితే ఒకడికి ఎప్పుడూ నిండు కాపు, ఇంకొకడికి ఎప్పుడూ వెలితే. తాతయ్య రెండు రోజులు ఆలోచించి, పెళ్లయి వెళ్లిన కూతురికీ ఒక వంతు పెట్టాడు. ముగ్గురైతే నిండూ వెలితీ అందరికీ మారిమారి వస్తాయి. ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో చట్టంగా వచ్చింది 1986లో. మా మేనత్తకు పద్నాలుగేళ్ల ముందే వచ్చింది. అభ్యుదయం కాదు, చింతచెట్టు లెక్క. ‘నాన్న నన్ను బేసిసంఖ్య కోసం కలుపుకున్నాడు’ అని అత్తయ్య పోయేదాకా నవ్వుతూనే ఉంది.

ఇంతకీ తోపును చూసుకోవడం అంటే ఏమిటి? పొలం పనిలా కళ్లకు కనిపించే పని కాదది. ఏటా వానలకు ముందు సర్కారుతుమ్మ పీకాలి. మొదలంటా తవ్వకపోతే మళ్లీ చిగురు వేస్తుంది. రెండేళ్లు ఊరుకుంటే తోపంతా దానిదే. మేకలవాళ్లు వేపకొమ్మలు అడుగుతారు. కాదనకూడదు, కానీ చెట్టుకు మూడో వంతు మించి కొట్టనివ్వకూడదు. తాతయ్య రోజుల్లో వడ్రంగి కూడా ఏడాదికోసారి వచ్చి నల్లతుమ్మల మధ్య తిరిగేవాడు. కొట్టడానికి కాదు, చూసుకోవడానికి. నాగలికి సొంత వంపున్న కర్ర కావాలి. ఏ కొమ్మ ఎటు వంగుతోందో, అది ఎన్నేళ్లకు నాగలి అవుతుందో ముందే గుర్తుపెట్టుకునేవాడు. కొట్టిన మొద్దును రెండు మూడు నెలలు చెరువు బురదలో పడేస్తే గానీ ఇంటికి తెచ్చేవాళ్లు కాదు. పసరు పోయి పురుగు పట్టదు. అమావాస్య ముందు కొట్టాలనేవాళ్లు కూడా. అందులో నిజమెంతో నేను తేల్చలేను, చెరువు సంగతి మాత్రం నిజం. మా ఇంటి తుమ్మ గుమ్మానికి ఇప్పటికీ పురుగు లేదు.

ఇదంతా పుస్తకంలో రాసింది కాదు. పక్కన నడిచి నేర్చుకున్నది. నేను నడిచింది తక్కువ, అన్నయ్య నడిచింది ఎక్కువ. అందుకే ఫోన్ ఆయన చేస్తాడు, నేను ఎత్తుతాను.

కొట్టేద్దామన్న మాట ప్రతి తరంలోనూ వచ్చింది. తాతయ్య కాలంలో పొగాకు. వర్జీనియా పొగాకు కాల్చే బ్యారన్లకు ఎంత కట్టె వేసినా చాలదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో తోపులు ఆ పొయ్యిల్లోకే పోయాయి. నాన్న కాలంలో సుబాబులు, జామాయిలు. ప్రకాశం వైపు మా బంధువులు పత్తి మానేసి సుబాబులు వేశారు. కూలీలు అక్కర్లేదు, మూడు నాలుగేళ్లకోసారి నరికి పేపరు మిల్లుకు తోలడమే, మోడు మళ్లీ చిగురిస్తుంది. వాళ్లను తప్పుపట్టను. పురుగుమందుల అప్పులో మునిగినవాడికి అదే ఒడ్డు. కానీ అది పైరు. పైరుకు కోత తేదీ ఉంటుంది, తోపుకు ఉండదు.

మా కాలంలో వచ్చింది రాజధాని. 2015లో 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగినప్పుడు మా తోపు గీతకు ఇవతల పడింది. గీత అవతల ఉంటే ప్లాటు వచ్చేది, ఇవతల ఉంటే బ్రోకర్లు వచ్చారు. ఒకాయన చింత కింద నిలబడి, తుండుతో చెమట తుడుచుకుంటూ ‘ఇక్కడ ఏముంది సార్, చెట్లే కదా’ అన్నాడు. ఆయన కారు కూడా ఆ నీడలోనే ఉంది.

చెట్లను కుటుంబాలు నిలుపుకోవడం మా ఒక్క ఇంటి సంగతే కాదు. ఫిన్లండ్ అడవుల్లో దాదాపు 60 శాతం కుటుంబాల చేతుల్లోనే ఉందని చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. మనకు అడవి అంటే సర్కారుది, కాదంటే దేవుడిది. కేరళలో ఇళ్ల వెనక కావులు తరాల పాటు నిలిచాయంటే, అవి నాగదేవతలవి గనుక కొడుకులు గొడ్డలి ఎత్తలేదు. మన దగ్గర జమీందార్ల అడవులుండేవి. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం, జమీందార్లు కొట్టేయకుండా ప్రైవేటు అడవులను కాపాడటానికి ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. చేజారే ఆస్తి మీద ఎవరికి మాత్రం దయ ఉంటుంది? ఇప్పుడు 2002 నాటి వాల్టా చట్టముంది. కొన్ని జాతులు తప్ప, సొంత నేలలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. మంచిదే. అయితే చట్టం గొడ్డలిని ఆపుతుంది గానీ సర్కారుతుమ్మను పీకదు.

తెలుగునేల మీద సొంత నేలలో చెట్లను నిలబెట్టే పని పెద్ద ఎత్తున చేసిన మనిషి సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో ఉన్నారు, దుశర్ల సత్యనారాయణ. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద జలసాధన సమితితో పోరాడినాయన. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీకి నిలబడి బ్యాలెట్‌ను పుస్తకం చేసిన నిరసన ఆ సమితిదే. తాతతండ్రుల నుంచి వచ్చిన 70 ఎకరాలను ఆయన అడవిగా పెంచారు. దాన్ని పిల్లలకు ఇవ్వననీ, అది పక్షులదీ జంతువులదీ అనీ ఆయన మాట. మొదటిసారి విన్నప్పుడు మొండితనం అనిపించింది. తొమ్మిది మంది వారసుల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాక అనిపించలేదు.

పెదనాన్న, నాన్న, అత్తయ్య ముగ్గురూ వెళ్లిపోయారు. ఒక్కొక్కరికి ముగ్గురు పిల్లలం. తొమ్మిది మంది, అదృష్టవశాత్తూ బేసిసంఖ్యే. వంతు తొమ్మిదేళ్లకొకసారి. ‘తోపు ఎప్పటికీ పంచుకోము’ అని ఒప్పందం రాసుకుందామని గుంటూరులో వకీలు దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు తీసి, ‘రాసుకోండి, సంతకాలు పెట్టిన మీకు చెల్లుతుంది. మీ పిల్లలను కట్టేయలేదు. వాళ్లు పంపకం అడిగితే కోర్టు ఇచ్చితీరుతుంది’ అన్నాడు. అన్నయ్య ముఖం వాడిపోయింది. నాకు మాత్రం తాతయ్య కూడా అంతకంటే గట్టి కాగితం ఏదీ రాయలేదన్న సంగతి గుర్తొచ్చింది. అసలు ఆయన కాగితమే రాయలేదు. వంతులు పెట్టాడు, అంతే. తొమ్మిదేళ్లకోసారైనా చెట్టు కిందికి రావాల్సిన పని పెట్టాడు.

మొన్న ఆదివారం మా అబ్బాయిని తీసుకెళ్లాను. చింతలు చూశాం. ఈ ఏడు వెలితి కాపే. తొమ్మిదేళ్లకు వచ్చిన వంతు ఇలా పడింది, దులిపిన కూలి కూడా వస్తుందో రాదో. లెక్క ప్రకారం వచ్చే వంతు నిండు కాపు. వాడు ఫోన్లో ఏదో చూస్తూనే రెండు చింతకాయలు జేబులో వేసుకున్నాడు.

ఒప్పందం మీద తొమ్మిది సంతకాలకు ఏడు అయ్యాయి. డాలస్ నుంచి ఒకటి, హైదరాబాద్ నుంచి ఒకటి రావాలి.