తొండి తేల్చేదెవరు?

చెన్నై బీసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్. ఇంకా ఎండెక్కలేదు. ఇసుకలో రంగురంగుల ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి బరి గీసుకున్నారు. జట్టుకు ఐదుగురు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడుతున్నారు. గాల్లో తేలుతూ వచ్చిన తెల్లటి డిస్క్ కోసం పదమూడేళ్ళ పిల్ల ఒకతి ఎగిరింది. ఆమెను కాచుకునున్న కుర్రాడూ ఎగిరాడు. అది ఎవరికీ దక్కకుండా ఇసుకలో పడింది. "ఫౌల్!" అని అరిచిందా పిల్ల. ఆట ఠక్కున ఆగిపోయింది.

విజిల్ కోసం చుట్టూ చూశాను. ఊదేవాళ్ళెవరూ లేరు. గీత బయట కూర్చున్న కోచ్ కూడా నోరు విప్పలేదు. "నా మోచేతికి తగిలావు" అంది పిల్ల తమిళంలో. "డిస్క్ వంకే చూస్తున్నా, నాకు తెలీలేదు" అన్నాడు వాడు. ఒకసారి తన చెయ్యి చూసుకుని, "తగిలే ఉంటుందిలే. నీదే" అన్నాడు. పావు నిమిషంలో పంచాయితీ తెగింది.

అంపైర్లు లేని ఆటలు మనకు కొత్తేమీ కాదు. ఏడుపెంకులాట, బిళ్ళంగోడు, గోళీలు అన్నీ అలా ఆడినవే. కాకపోతే "తొండి!" అన్న కేక లేచాక ఏం జరిగేదో అందరికీ గుర్తే. గొంతు పెద్దదైనవాడు నెగ్గేవాడు, లేదంటే గోళీలు ఎవరివైతే వాడు నెగ్గేవాడు. అదీ కుదరకపోతే "నేనాడను పో" అని ఒకడు ఇంటిదారి పట్టేవాడు. బీచ్‌లో ఈ పిల్లలాడుతున్న అల్టిమేట్ ఫ్రిస్బీ ఆ తగవును తీసెయ్యలేదు. దాన్నెలా తీర్చుకోవాలో నియమాల్లో రాసి, విసరడం నేర్పినట్టే అదీ నేర్పుతుంది.

ఆట పుట్టింది కూడా పిల్లల చేతుల్లోనే. 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మేపుల్‌వుడ్‌లోని కొలంబియా హైస్కూల్ విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. వాళ్ళలో ముఖ్యుడు జోయల్ సిల్వర్. తర్వాత హాలీవుడ్‌లో 'డై హార్డ్', 'ది మేట్రిక్స్' సినిమాల నిర్మాత అయింది ఇతనే. 1970లో పక్కనున్న మిల్బర్న్ హైస్కూల్‌తో తొలి అంతర్ పాఠశాల మ్యాచ్ ఆడారు. ఆ పిల్లలాట ఇప్పుడు దేశాల జట్లు తలపడే ఆటగా ఎదిగింది. 2015లో దీని ప్రపంచ సమాఖ్యకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం గుర్తింపు దొరికింది. ప్రపంచ పోటీల్లోనూ తీర్పు ఆటగాళ్ళదే. అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్‌లో మాత్రం రెఫరీలుంటారు.

నియమాలు ఒక పూటలో వచ్చేస్తాయి. డిస్క్ బరువు 175 గ్రాములు. ఇసుకలో బరి పొడవు 75 మీటర్లు, వెడల్పు 25. రెండు చివరలా 15 మీటర్ల మేర ఎండ్‌జోన్. అవతలి ఎండ్‌జోన్‌లో మనవాళ్ళు డిస్క్‌ను పట్టుకుంటే ఒక పాయింటు. పట్టుకున్నాక పరుగెత్తకూడదు. ఒక కాలు నాటుకుని, రెండో కాలితో చుట్టూ తిరుగుతూ తోటివాళ్ళకు విసరాలి. కింద పడితే డిస్క్ ఎదుటి జట్టుది. గడ్డి మీద ఏడుగురేసి ఆడే పెద్ద బరిలో, విసిరేవాళ్ళ ముందు నిలబడ్డ ప్రత్యర్థి పైకి వినబడేలా లెక్కపెడతాడు. పది అనేలోపు డిస్క్ చెయ్యి దాటాలి. చెడుగుడులో కూత ఎలాగో, ఇక్కడ ఈ లెక్క అలాగ. నోటి మాటే గడియారం.

విసరడంలోనే ఉంది అసలు పని. బ్యాక్‌హ్యాండ్ అందరికీ త్వరగా పట్టుబడుతుంది: బొటనవేలు పైన, మిగతా వేళ్ళు అంచు కింద, పేకముక్క పంచినట్టు ఒంటికి అడ్డంగా విసరాలి. ఫ్లిక్ అలా లొంగదు. చూపుడువేలు, మధ్యవేలు అంచు లోపలికి ఆనించి, తడిచేతి నీళ్ళు విదిలించినట్టు మణికట్టును ఒక్కసారి విదిలించాలి. మొదటివారమంతా డిస్క్ వణుకుతూ పోయి పక్కకి కూలుతుంది. పిల్లలు చేసే తప్పు ఒకటే, భుజబలమంతా వాడెయ్యడం. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది. డిస్క్‌కైనా ఆ తిరుగుడే ప్రాణం. అది తగ్గితే ఎంత బలంగా విసిరినా గాలి లాగేస్తుంది. తిరుగుడు ఇచ్చేది మణికట్టు. అంచును కాస్త వాల్చి విసిరితే అడ్డున్న మనిషిని చుట్టుకుని వంపు తిరిగి వెళ్తుంది. హ్యామర్ అని ఇంకోటుంది: తలమీదుగా విసిరితే తిరగబడి, తిరగేసిన గొడుగులా అందరి నెత్తుల మీదుగా దాటిపోతుంది. సముద్రపుగాలి ఎదురైతే ఈ లెక్కలన్నీ మారతాయి. అందుకే బీచ్‌లో నేర్చుకున్న పిల్లలు విసిరే ముందు గాలి ఎటుందో చూసుకుంటారు.

తీర్పు చెప్పడంలోనూ ఇంతే మెళకువ ఉంది. ఫౌల్ అనిపిస్తే వెంటనే అనాలి, దాచుకుని తర్వాత తవ్వకూడదు. ఏం చూశానో చెప్పాలి, ఎదుటివాడు చూసింది వినాలి. ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకపోతే డిస్క్ విసిరినవాళ్ళకే తిరిగిపోతుంది, ఆట ఆ ఘట్టం దగ్గర మళ్ళీ మొదలవుతుంది. ఈ చివరి నియమంలో గొప్ప తెలివి ఉంది. వాదించి గెలిచేది పెద్దగా లేనప్పుడు వాదన దానంతటదే పొట్టిదవుతుంది. బీచ్ పక్కనున్న జాలరి కుప్పాల పిల్లలూ, ఇంగ్లీషు మీడియం స్కూళ్ళ పిల్లలూ ఒకే జట్టులో ఆడేచోట ఇది చాలా అవసరం. నియమావళి ఉన్నది ఇంగ్లీషులో. అది బాగా వచ్చినవాడిదే పైచేయి అయిపోతే, మన వీధిలో గొంతు పెద్దదైనవాడి రాజ్యమే మళ్ళీ వచ్చినట్టు. మంచి కోచ్‌లు అందుకే నియమాలను పిల్లల భాషలోనే, ఇసుకలో బొమ్మలు గీసి చెబుతారు.

చెన్నై ఇసుక మీది ఈ ఆటను భరత్ మిర్లే, అరవింద్ అయ్యర్ '175 గ్రామ్స్' అనే చిన్న డాక్యుమెంటరీగా తీశారు. 2015 సన్‌డాన్స్ ఉత్సవంలో దాన్ని ప్రదర్శించారు. ఇప్పుడు బెంగళూరు, అహ్మదాబాద్, ఢిల్లీతోపాటు మన హైదరాబాద్‌లోనూ ఆడే బృందాలున్నాయి. కావలసింది ఒక్క డిస్క్. ఇసుకలోనైతే బూట్లు కూడా అక్కర్లేదు.

ఆనాటి ఆటలో ఆ పిల్ల జట్టు ఓడిపోయింది. అయిపోయాక రెండు జట్లూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డాయి. తర్వాత ఎవరి కాగితం వాళ్ళు తీశారు. ఎదుటి జట్టు నడవడికకు మార్కులెయ్యాలి: నియమాల తెలివిడి, ఒంటికి తగలకుండా ఆడటం, న్యాయబుద్ధి, నిగ్రహం, మాటతీరు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. మామూలుగా బాగుంటే రెండు.

ఓడినవాళ్ళు న్యాయబుద్ధి దగ్గర ఆగిపోయారు. "రెండు చాలు, మనల్ని చిత్తుగా ఓడించారు" అన్నాడొక బుడతడు. ఆ పిల్ల పెన్సిలు లాక్కుంది. "ఓడించినందుకు కాదురా వేసేది. వాడు ఒప్పుకోకపోతే ఆ డిస్క్ నా చేతికి వచ్చేదా?" అంటూ మూడు వేసింది.