కసి ఎవరిది? గోపీచంద్ పనితనం

పెద్ద మ్యాచ్ ముగిసిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే వాదన. గెలిస్తే కోచ్ చలవ అంటారు, ఓడితే ఆడినవాళ్లకి కసి లేదంటారు. ఈ వాదన తేలాలంటే 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ సెమీఫైనల్ని ఒకసారి నిదానంగా చూడాలి. జపాన్ క్రీడాకారిణి నొజొమి ఒకుహారా మీద పి.వి. సింధు తొలి గేమ్‌ని 21-19తో గెలిచింది. రెండో గేమ్‌లో స్కోరు 10-10. అక్కడి నుంచి వరసగా 11 పాయింట్లూ సింధువే.

బ్యాడ్మింటన్‌లో ముందున్నవారి స్కోరు 11కి చేరగానే ఆట 60 సెకన్లు ఆగుతుంది. షటిల్ ఆటలో ఉన్నంతసేపూ కోచ్ నోరు మెదపకూడదు. అంటే 11-10 దగ్గర సింధు కోచ్ పుల్లెల గోపీచంద్‌కి దొరికింది ఒక్క నిమిషం. అందులోనే సింధు చెమట తుడుచుకోవాలి, నీళ్లు తాగాలి, ఊపిరి కూడదీసుకోవాలి. మిగిలిన క్షణాల్లో షటిల్‌ని ఏ మూలకి పంపాలో చెప్పొచ్చు, ఒక ధైర్యవచనం పలకొచ్చు. లేని కసిని పుట్టించడానికి మాత్రం ఆ నిమిషం చాలదు. తర్వాతి పది పాయింట్లూ సింధు తన కాళ్లతో, తన గుండెతో ఆడినవే.

మరి కోచ్ పని ఎక్కడుంది? గచ్చిబౌలిలోని ఆయన అకాడమీలో, అంతకు ఎన్నో నెలల ముందు.

సింధుకి ఎత్తు ఉంది, బలమైన స్మాష్ ఉంది. స్వభావం మాత్రం మెతక. పాయింటు గెలిచినా గొంతు లేచేది కాదు. గోపీచంద్ ఒకరోజు ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటివాళ్లంతా చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఆయన పట్టు విడవలేదు. చివరికి అరిచింది.

ఈ సంగతి చాలామందికి తెలుసు. కానీ ఇందులోని నేర్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. దూకుడుగా ఉండమని గోపీచంద్ ఉపన్యాసం ఇవ్వలేదు. ఫుట్‌వర్క్ నేర్పినట్టే, దాన్నీ ఒక అభ్యాసంగా చేయించారు. పరాయి దేశంలో వేలమంది ముందు అరవడం కన్నా రోజూ మొహాలు చూసుకునే పిల్లల ముందు అరవడం కష్టం. సిగ్గంతా ఇక్కడే ఉంటుంది. దాన్ని ఇక్కడే వదిలించేస్తే రియోలో వదిలించుకోవాల్సింది ఏమీ మిగలదు. 2001లో చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషికి ఆ కిటుకు అనుభవం నేర్పి ఉంటుంది.

మూడు నెలలు ఫోన్ తీసేసుకోవడం, ఐస్‌క్రీమ్ మాన్పించడం లాంటివి పత్రికల్లో బాగా వచ్చాయి. అవి క్రమశిక్షణ, అంతే. ఆ అరుపు మాత్రం శిల్పం.

అయితే ఈ ఘనతంతా గురువుకే కట్టబెడితే అన్యాయం. సింధు తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. చిన్నప్పుడే ఇంటి నుంచి అకాడమీకి రానూ పోనూ రోజూ 56 కిలోమీటర్లు తిరిగి, వేళ తప్పకుండా కోర్టు చేరిన పిల్ల ఆమె. ఆ పట్టుదల ఏ కోచ్ దగ్గరా దొరికేది కాదు. అలాంటి పిల్ల కాబట్టే ఏడ్చాక ఇంటికి పోకుండా అరిచింది.

ఫైనల్లో స్పెయిన్‌కి చెందిన కరొలినా మారిన్ తొలి గేమ్‌లో 19-16తో ముందుంది. సింధు వరసగా అయిదు పాయింట్లు తీసి 21-19తో గెలిచింది. తర్వాతి రెండు గేమ్‌లూ 12-21, 15-21తో పోయాయి. అక్కడ కసి తగ్గిందనడాన్ని నేను ఒప్పుకోను. ఆ రోజు మారిన్ ఆట మెరుగ్గా ఉంది. గెలిచి కోర్టు మీద కూలబడిన మారిన్‌ని సింధు కౌగిలించుకుంది, ఆమె వదిలేసిన రాకెట్‌ని తీసి పక్కన పెట్టింది. అరవడం నేర్పిన గురువు ఆ అమ్మాయి మంచితనాన్ని చెరపలేదు. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన హే బింగ్‌జియావోని 21-13, 21-15తో ఓడించి సింధు కాంస్యం గెలిచినప్పుడు కోచ్ కుర్చీలో కొరియాకు చెందిన పార్క్ తే-సాంగ్ ఉన్నారు. గోపీచంద్ పక్కన లేరు. ఆయన నేర్పింది మాత్రం ఆమెతోనే ఉంది.

పిల్లల్ని షటిల్ కోర్టులకు తిప్పే తల్లిదండ్రులకు ఒక మాట. టోర్నమెంట్ రోజున గ్యాలరీలోంచి కేకలు వేసి కసి పుట్టిద్దామని చూడకండి. ఓడితే కోచ్ మీద పడకండి. ఏ పోటీ లేని మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, మీ పిల్లకి దేనికి బెరుకో ఆ కోచ్‌కి తెలుసో లేదో అడగండి.