వంశవృక్షమున ఆడపడుచుల స్థానము

తెలుగునాట వంశవృక్షము చిరకాలము న్యాయస్థానముల సొత్తుగా నుండినది. పాలివాండ్ర నడుమ భాగపంపకముల వ్యాజ్యము పుట్టినపుడు దావాపత్రమునకు తోకవలె దానిని తగిలించెడివారు. మితాక్షరను బట్టి ఉమ్మడి ఆస్తియందు పుట్టుకతో హక్కు గలవారు మగవారే గనుక అందు మగవారి పేర్లే యుండెడివి. ఆడపిల్లకు ఆ హక్కు ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచేతను, దేశమంతట 2005 నాటి సవరణచేతను లభించినది గాని, పూర్వుల కాగితములను ముందిడుకొని నేడు కంప్యూటరులోనికి వంశావళి నెక్కించువారు పలువురు ఆ మగవరుసనే దింపుచున్నారు. పేర్లు వందలు దాటిన కుటుంబములలో ఈ అలవాటు ఎంతటి చిక్కు దెచ్చునో మేనరికములున్న యింటివారికి త్వరలోనే తెలియవచ్చును.

2001లో మొదలై నేటికిని ఉచితముగా లభించుచున్న గ్రాంప్స్ వంటి సాఫ్ట్‌వేర్లలో ప్రతి మనిషికి ఒక పత్రము, ప్రతి జంటకు మరియొక పత్రము నుండును. బిడ్డను ఒక్క తండ్రికి గాక ఆ జంటకు ముడివేయుదురు. ఒక సాఫ్ట్‌వేరునుండి మరియొకదానికి వివరములను చేరవేయుటకై అమెరికాలోని మార్మను క్రైస్తవసంఘమువారు 1984లో కల్పించిన జెడ్‌కామ్ అను రూపమందును ఇదే కట్టుబాటు. తల్లి పేరు వ్రాయనిచో ఆ గడి బోసిగా కనబడుచునే యుండును. బావ, మరదలు, వియ్యంకుడు అను వరుసలను మాత్రము ఎక్కడను వ్రాయ నక్కరలేదు. పుట్టుకను, పెండ్లిని సరిగా వ్రాసినచో తక్కినవన్నియు వానినుండియే తేలును. అయితే యంత్రము ఇంగ్లీషున చెప్పునపుడు మేనత్త కొడుకును, పినతండ్రి కొడుకును ఒకే తీరున కజిన్ అని ఊరకుండును. వారిలో బావ యెవడో, తమ్ముడెవడో మనమే చదువుకొనవలెను.

ఒకడు తన అక్క కూతురిని పెండ్లాడె ననుకొందము. జర్మను వంశశాస్త్రవేత్త స్టీఫాన్ కెకులె 1898లో ప్రచారమునకు దెచ్చిన పద్ధతిని బట్టి ఆ దంపతుల బిడ్డకు 1, తండ్రికి 2, తల్లికి 3 అని సంఖ్యలు. ఎవరి తండ్రికైనను వారి సంఖ్యకు రెట్టింపు, తల్లికి దానిపై ఒకటి. ఆ లెక్కను బిడ్డకు అమ్మమ్మ 7 అగును. ఆమెయే తండ్రికి అక్క గనుక మేనత్తయు నగును. తండ్రిని గన్నవారు 4, 5 కాగా అమ్మమ్మను గన్నవారు 14, 15. సంఖ్యలు నాలుగైనను మనుష్యులు ఇద్దరే. మేనమామ కూతురిని చేసికొన్న యింట బిడ్డకు తాతల పైతరమున ఎనమండుగురు ఉండవలసినచోట ఆర్గురే తేలుదురు. తండ్రివైపు వరుసను ఒకమారు, తల్లివైపు వరుసను మరియొకమారు ఎక్కించిన క్రొత్తవాడు ఒకే ముత్తాతకు రెండు పత్రములు తెరచి కూర్చుండును. పాతపటములో ఆ అక్కగారు లేరు గనుక రెండు కొమ్మలకును మొదలొక్కటే యని చూపు ముడి యతనికి దొరకదు. ఆమెను చేర్చి, జంటపత్రములను ఒక్కటిగా కలిపిన పిమ్మటనే వృక్షము నిలువునకు వచ్చును.

పేరును నమ్ముట మరియొక ప్రమాదము. మనుమనికి తాత పేరు పెట్టు ఆచారముచే నలుగురు కొడుకులున్న తాతగారి పేరు నలుగురు మనుమలకు సంక్రమించును, ఇంటిపేరును ఒకటే. కావున సాఫ్ట్‌వేరు తానై యిచ్చు సంఖ్యనే గుర్తుగా గైకొని, పెదబాబు, చిట్టి, బుజ్జి మొదలగు పిలుపుపేర్లను గూడ చేర్చవలెను. స్త్రీలకు పుట్టినింటి పేరును ముఖ్యముగా నుంచి, మెట్టినింటి పేరును రెండవదిగా వ్రాయుట మేలు. మెట్టినింటి పేరొక్కటే యున్నచో ఆమె ఎవరి ఆడపడుచో ఆ పత్రము చెప్పజాలదు. దత్తత పోయినవానికి గోత్రము, ఇంటిపేరు మారినను కన్నవారి ముడిని తెంపరాదు: పుట్టిన కుటుంబమున ఎవరితో వివాహము నిషిద్ధమో వారితో దత్తత పిమ్మటను నిషిద్ధమే యని 1956 నాటి చట్టము చెప్పుచున్నది. ఒకే బిడ్డను రెండు జంటలకు ముడివేసి, ఒకచోట జననమనియు, వేరొకచోట దత్తతయనియు గుర్తించు వీలు గ్రాంప్స్‌లో కలదు.

తేదీల విషయమున మన జ్ఞాపకము విచిత్రమైనది. ముత్తాత పోయిన మాసము, పక్షము, తిథి తద్దినముచే తరతరములు నిలిచియుండును. సంవత్సరము మాత్రము ఎవరికిని తెలియదు. ప్రభవ యని తెలిసినను, అది 1867–68యో, 1927–28యో, 1987–88యో తేల్చుకొనవలెను. ఇచ్చట ముసలమ్మల మాటయే అక్కరకు వచ్చును: ఫలానా ఆమె ధాత కరువునాడు పుట్టినదనియో, బందరు ఉప్పెనకు ముందే కాపురమునకు వచ్చినదనియో అత్తలనుండి కోడండ్రు విన్న మాట మనలను 1876–77కో, 1864కో చేర్చును. సుమారు, ముందు, తరువాత అను మాటలను తేదీతో చేర్చుటకు సాఫ్ట్‌వేరు ఒప్పుకొనును. జనవరి ఒకటి యని కల్పించి వ్రాయుటకంటె అది నిజాయతీ. తిథిని వివరణగా నుంచి, ఆ మాట చెప్పినవారెవరో ఆధారముగా వ్రాయవలెను. ఊళ్ల చిరునామాలకును కాలభేదము కలదు. చీరాల 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప నేటి ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను ఉన్నది.

పేర్లు వేయి దాటినపుడు మొత్తమును ఒకే పటముగా అచ్చువేయింప వలెనను ఉబలాటము బంధువులకు కలుగుట సహజము. గోడ చాలని ఆ పటమును ఎవరును చదువరు. ఒక ఆడపడుచును మొదట నిలిపి, ఆమె సంతతిని మాత్రము వడగట్టి తీసిన నాలుగు పుటలు అంతకంటె ప్రయోజనకరములు. వానిని దిద్ది పంపువారు ఆమె మనుమరాండ్ర యిండ్లలోనే దొరకుదురు. ఆ పుటలను వారికి పంపునపుడు జీవించియున్నవారి వివరములను మినహాయించు సదుపాయమును వాడుట మరువరాదు. పెండ్లికావలసిన పిల్లలున్న యింటినుండి పుట్టినతేదీలతో కూడ జాబితా వెలువడెనా, పెళ్లిళ్ల పేరయ్యల ఫోన్లకు బదులు చెప్పుట గూడ వంశావళి వ్రాసినవాని పనియే యగును.