సీటు కింద జానెడు టైటానియం

పామూరు నుంచి సీఎస్ పురం మీదుగా భైరవకోనకు పోయే దారిలో తారురోడ్డు వదిలి కొండ అంచున బండ్లబాట పట్టామంటే సైకిలుకు అసలు పని మొదలవుతుంది. ఎర్రమట్టిలో సగం పూడిన గండ్రాళ్లు, వాన కోసిన గండ్లు, వాగు అడ్డం వచ్చిన చోట గులకరాళ్లు, రెండు పక్కలా చిల్లకంప. ముందు చక్రానికి తగిలిన దెబ్బను సస్పెన్షన్ ఫోర్కు చాలావరకు మింగేస్తుంది. వెనక షాకబ్జార్బర్ లేని హార్డ్‌టెయిల్ మౌంటెన్ బైకులో మాత్రం వెనక చక్రం తిన్న దెబ్బ ఫ్రేమునెక్కి, సీటు రాడ్డు మీదుగా తిన్నగా నడుముకు వస్తుంది. టైరు దాటాక ఆ దెబ్బను కాస్తయినా తగ్గించగలిగింది సీటు కింద బయటికి కనిపించే జానెడు గొట్టమే. ఆ గొట్టాన్ని టైటానియంతో చేసే పనివాళ్లు కొందరున్నారు. వాళ్ల పని గురించి చెప్పాలని ఇన్నాళ్లుగా అనుకుంటున్నాను.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అనే కొండ ఊరుంది. అక్కడ 1981లో కెంట్ ఎరిక్సన్ అనే పనివాడు మూట్స్ పేరుతో సైకిళ్లు కట్టడం మొదలుపెట్టాడు. పదేళ్ల తర్వాత, 1991లో, ఆ సంస్థ ఉక్కు నుంచి టైటానియంకు మారింది. తర్వాతి కాలంలో ఎరిక్సన్ బయటికొచ్చి, అదే ఊళ్లో తన ఇంటిపేరుతో మరో కర్మాగారం పెట్టుకున్నాడు. టైటానియం సీటు రాడ్డు కొనాలనుకునేవాడు ఎక్కడున్నా ముందుగా వినే పేర్లలో మూట్స్ ఒకటి. వెల వందల డాలర్లలో పలుకుతుంది. ఆ డబ్బుకు మన ఊళ్లో మామూలు సైకిళ్లు రెండు మూడు వస్తాయి. అమెరికా నుంచి వచ్చిన బంధువు ఒకాయన తన బండికున్న మూట్స్ రాడ్డును ఊడదీసి నా చేతికిచ్చినప్పుడు, ఆ వెల దేనికి పెట్టాడో చూసి తెలుసుకునే వీలు కలిగింది.

బరువు కోసమైతే కాదు. ఇలాంటి రాడ్డు రెండు వందల గ్రాముల పైచిలుకు తూగుతుంది. మంచి కార్బన్ రాడ్డు అంతకంటే తేలిగ్గా కూడా దొరుకుతుంది. టైటానియం ఘనపు సెంటీమీటరుకు నాలుగున్నర గ్రాములు, ఉక్కు 7.8, అల్యూమినియం 2.7. అంటే ఇది ఉక్కుకన్నా తేలిక, అల్యూమినియం కన్నా బరువు. దీని గుణం వంగడంలో ఉంది. ఒకే కొలతల గొట్టాలు రెండు తీసుకుని ఒకే బరువు వేలాడదీస్తే, టైటానియం గొట్టం ఉక్కు గొట్టానికి దాదాపు రెట్టింపు వంగి, బరువు తీయగానే మళ్లీ తిన్నగా నిలుస్తుంది. మిశ్రమం మంచిదై, పని శుభ్రంగా ఉంటే, అలా లక్షల సార్లు వంగినా అలసిపోదు.

ఈ వంపు ఎలా పుడుతుందో చూడండి. సీటు గొట్టం నేలకు సుమారు 73 డిగ్రీల వాలులో ఉంటుంది. అందువల్ల మనిషి బరువంతా గొట్టం వెంటే కిందికి దిగదు. అందులో మూడో వంతుకు కాస్త తక్కువ పాలు గొట్టాన్ని వెనక్కి వంచుతుంది. రాయి మీద చక్రం ఎగిరిపడినప్పుడు ఆ పాలు ఒక్క క్షణం చాలా పెద్దదవుతుంది. బయటికి కనిపించే పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. గోడ మందం ఒకటే అయినప్పుడు, 31.6 మిల్లీమీటర్ల గొట్టం 27.2 మిల్లీమీటర్ల గొట్టం కన్నా ఒకటిన్నర రెట్లు బిగువుగా ఉంటుంది. కనుక లావు గొట్టం పట్టే ఫ్రేముకు టైటానియం రాడ్డు కొని, సీటు కిందికి దించి తొక్కేవాళ్లకు అల్యూమినియం రాడ్డుతో తేడా పెద్దగా తెలియదు. సన్నని గొట్టం, పొడవుగా బయటికి వచ్చిన గొట్టం: టైటానియం తన గుణం చూపేది అక్కడ.

ఇక పనితనం. గొట్టానికి వాడే మిశ్రమంలో నూటికి 3 పాళ్లు అల్యూమినియం, రెండున్నర పాళ్లు వెనేడియం ఉంటాయి. విమానాల్లో హైడ్రాలిక్ నూనె పారే గొట్టాల కోసం పేరుపడిన లోహం ఇది. అతుకు లేని గొట్టాన్ని చల్లగా ఉండగానే సాగదీసి సన్నం చేస్తారు. ఆపైన మితంగా వేడిచేసి, సాగదీతలో లోపల చిక్కుకున్న బిగువును తీసేస్తారు. సీటును పట్టుకునే తలకు మాత్రం మరింత గట్టిదైన, 6 పాళ్లు అల్యూమినియం, 4 పాళ్లు వెనేడియం కలిసిన మిశ్రమం మేలు. దాన్ని దిమ్మ నుంచి మిల్లింగ్ చేసి తీయాలి. ఈ లోహం వేడిని త్వరగా వదలదు కనుక కోసే పనిముట్టు మొన దగ్గరే వేడి నిలిచి, మొనను తినేస్తుంది. నిదానంగా కోయాలి, చల్లబరిచే ద్రవాన్ని ధారగా పోయాలి, పదును తగ్గిన పనిముట్టును వెంటనే మార్చాలి. వెలలో కొంత భాగం అక్కడే ఖర్చవుతుంది.

తలనూ గొట్టాన్నీ కలిపే వెల్డింగు దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. టైటానియం కరిగేది 1,668 డిగ్రీల దగ్గర. కరగడానికి చాలా ముందే, బాగా వేడెక్కగానే, అది గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుంటుంది. పీల్చుకున్న చోట పెళుసవుతుంది. పెళుసైన చోట కొన్నాళ్లకు పగులు పుడుతుంది. అందుకని టిగ్ వెల్డింగు టార్చి నుంచి వచ్చే ఆర్గాన్ వాయువు ఒక్కటే సరిపోదు. అతుకు చల్లారేదాకా బయట ఆర్గాన్ కప్పి ఉంచాలి. గొట్టం లోపలి గాలిని వెళ్లగొట్టి అక్కడా ఆర్గాన్ నింపాలి. అంతకు ముందు అతుకు పడే అంచులను ద్రావకంతో తుడిచి, మళ్లీ ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలిముద్రలో ఉండే జిడ్డు కూడా అతుకును పాడుచేస్తుంది.

ఈ పని ఎలా జరిగిందో రంగే చెబుతుంది. గాలి తగలని అతుకు వెండిలా మెరుస్తుంది. లేత గడ్డిరంగు వస్తే పరవాలేదు. నీలం తేలితే అనుమానించాలి. తెల్లగా బూడిదలా పొడి రాలుతుంటే ఆ అతుకు పనికిరాదు. బయట వచ్చిన రంగును రుద్ది పోగొట్టవచ్చు, లోపలి రంగును పోగొట్టడం కష్టం. అందుకే నేను ఆ రాడ్డును తలకిందులు చేసి, ఫోను లైటు గొట్టంలోకి వేసి చూశాను. అతుకు వెనక భాగం చుట్టూ ఒకే తీరున వెండిరంగు. వాడేవాడు జన్మలో చూడని చోట, కొన్నవాడు అడగని చోట, అంత శుభ్రంగా ఉంది. బయటి అతుకులో అలకు అలకు మధ్య దూరం, బాగా సర్దిన చీర కుచ్చెళ్లలా, ఎక్కడా తప్పలేదు. టార్చి పట్టిన చెయ్యి గొట్టం చుట్టూ తిరిగేటప్పుడు మణికట్టు మలుపు దగ్గర తడబడడం సహజం. ఆ చోటేదో నాకు దొరకలేదు.

తల మీద బోల్టులు రెండు, ముందొకటి, వెనకొకటి. ముందుది వదులు చేసి వెనకది బిగిస్తే సీటు ముక్కు పైకి లేస్తుంది, తిరగేస్తే కిందికి వాలుతుంది. పళ్లున్న ఒంటి బోల్టు తలలో వాలు పన్నుకు పన్నుకు ఎగిరి మారుతుంది. మనకు కావలసిన వాలు ఆ రెండు పళ్ల నడుమ ఉండిపోతుంది. రెండు బోల్టుల తలలో ఆ ఇబ్బంది లేదు. సీటు కడ్డీలను పట్టే గాడి అంచులను వేలితో తడిమాను. ఎక్కడా కొస తగల్లేదు. అక్కడ పదును మిగిలితే 7 మిల్లీమీటర్ల కడ్డీని ఏళ్ల తరబడి కొరుకుతూ పోతుంది. చాలా చవక రాడ్లలో ఆ పదును నేను చూశాను.

అతికించకుండా చేసే దారి కూడా ఉంది. అమెరికాలోనే జార్జియా రాష్ట్రం మేకన్ ఊళ్లోని థామ్సన్ సంస్థ విమాన భాగాలు తయారుచేసే మెషీన్ షాపు. వాళ్ల పేరుమోసిన అల్యూమినియం సీటు రాడ్డు తలా గొట్టమూ ఒకే ముక్క. లోపలి రంధ్రం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. వంపు బలం పడే ముందూ వెనకా గోడ మందంగా, పక్కల పలుచగా. భైరవకోనలో కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు తీసిన శిల్పుల పద్ధతి ఇదే. అవసరం లేని రాయిని తీసేయడమే వాళ్ల పని, అతుకన్న మాటే లేదు. నాకు ఆ పద్ధతి మీద అపారమైన గౌరవం. అయినా రాళ్లబాట మీద నడుముకు సుఖమిచ్చేది టైటానియమే. థామ్సన్ వాళ్లు కూడా తర్వాత టైటానియం రాడ్డు తెచ్చారు.

పూత విషయం రెండు మాటల్లో. టైటానియంకు రంగు అక్కర్లేదు; గాలి తగలగానే పైన పుట్టే పలుచని ఆక్సైడు పొరే దానికి కవచం. నీలం, ఊదా, బంగారు రంగుల్లో కనిపించే పేర్లూ గుర్తులూ రంగు వేసినవి కావు. కరెంటు వోల్టేజి మార్చి ఆ పొర మందాన్ని మారిస్తే, పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి రంగులు పుట్టిస్తుంది.

కొనాలనుకునేవాళ్లకు నా మాట. నిటారుగా దిగే బాటలే మీ సరదా అయితే బటను నొక్కితే కిందికి జారే డ్రాపర్ పోస్టు కొనండి, టైటానియం వద్దు. రోజంతా కూర్చుని తొక్కే హార్డ్‌టెయిల్ వాళ్లకే ఇది. ఫ్రేము లోపలి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించండి, కంటి అంచనా పనికిరాదు. బిగించే ముందు యాంటీ సీజ్ పేస్టు పూయండి. టైటానియం అల్యూమినియం ఫ్రేములో పట్టుకుపోతుంది, టైటానియం ఫ్రేములోనైతే మరీ కరుచుకుంటుంది. కార్బన్ ఫ్రేముకు దాని పేస్టు వేరే ఉంది. రాడ్డు మీదుండే కనీస లోతు గీత ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. అమ్మేవాడు గొట్టం లోపల చూడనివ్వకపోతే కొనకండి.

ఈ లోహం మనకు పరాయిది కాదు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో టైటానియం ఉన్న ఇల్మనైట్ ఖనిజం ఉంది. హైదరాబాదులోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసిన పద్ధతితోనే కేరళలోని చవరలో టైటానియం స్పాంజి అనే ముడిలోహం తయారవుతోంది. 1973లో హైదరాబాదులో పుట్టిన ప్రభుత్వ సంస్థ మిధాని ఆ లోహాన్ని శూన్యంలో కరిగించి అంతరిక్ష, రక్షణ పనులకు అందిస్తోంది. అదే ఊళ్లోని బాలానగర్ చిన్న మెషీన్ షాపుల్లో ఏళ్ల తరబడి విమాన భాగాలు కోసిన చేతులున్నాయి. లోహమూ ఉంది, చెయ్యీ ఉంది. ఆ షాపుల్లో టిగ్ పట్టిన వాళ్లలో ఒక్కరైనా ఒక సీటు రాడ్డు చేయాలని నా కోరిక. ముందు 27.2 కొలతలో, రెండు బోల్టుల తలతో చేయండి. లోపలి అతుకు వెండిలా ఉంటే, అడిగిన ధర ఇచ్చి కొనడానికి పామూరులో మనిషున్నాడు.